మణికట్టు మీద ముచ్చట

చేతికి వాచీ వున్న మనిషిని “టైమెంతయిందండీ?” అని అడిగి చూడండి. వెంటనే జవాబు చెప్పడు. ముందు చొక్కా చేతిని రెండంగుళాలు పైకి జరుపుతాడు. మోచెయ్యి వంచి మణికట్టును ఛాతీకి ఎదురుగా తెచ్చుకుంటాడు. ముళ్ళు ఎక్కడున్నాయో కనిపెట్టడానికి ఎంతసేపు కావాలో, దానికంటె మరో రెండు క్షణాలు ఎక్కువే చూస్తాడు. ఆ తరువాత, మేజిస్ట్రేటు తీర్పు చదివినంత నిదానంగా, “పదీ పన్నెండు” అంటాడు. జేబులో సెల్ ఫోను, అందులో సెకన్లతో సహా టైము వున్నా సరే, దాని జోలికి పోడు.

దీన్నిబట్టి నాకు తోచేదేమంటే, టైము చెప్పడమనేది వాచీ చేసే పనుల్లో అతి చిన్నది. మిగతా పనులేమిటన్నదే ఈ వారం ముచ్చట. ఈ మాట కావాలనే వాడాను. కోస్తా జిల్లాల్లో ముచ్చటంటే సరదా, ముద్దు. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ముచ్చటంటే మాటామంతీ. వాచీ విషయానికి రెండర్థాలూ కావాలి.

“వాచీల గురించి రాయదలుచుకుంటే జెనీవా గురించి రాయాలి గాని జగిత్యాల గురించి ఏమిటయ్యా?” అని కొందరు పాఠకులు అడగవచ్చు. వాచీ ఎలా చేస్తారో తెలుసుకోవాలంటే జెనీవాకే పోవాలి, కాదనను. మనిషి వాచీ ఎందుకు పెట్టుకుంటాడో తెలుసుకోవాలంటే మాత్రం జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, నిర్మల్ చాలు. నేను జిల్లాల పేర్లు పాత లెక్కనే చెబుతున్నాను సుమండీ. 2016 అక్టోబరులో ఆ రెండు జిల్లాలూ ఎనిమిదయ్యాయి. కొన్ని మండలాలు పక్క జిల్లాలకూ పోయాయి.

ఈ ప్రాంతంలో కాలం తెలుసుకోవడానికి వాచీయే కావాలని ఎవరూ ఎదురు చూడలేదు. తెల్లవారుజామున వేగుచుక్క, ఆ తరువాత కోడికూత, పగలు చెట్టు నీడ వుండనే వున్నాయి. అడుగున సన్నని చిల్లి వున్న గిన్నెను నీటిలో వదిలితే, అది నిండి మునగడానికి పట్టే 24 నిమిషాలు ఒక ఘడియ. అలాంటివి రోజుకు అరవై. ఆ ఘడియలోంచే మన గడియారం పుట్టింది. బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని వైపు బొగ్గుబాయి కూత వినపడితే, షిఫ్టు మారిందని వంటింట్లో వున్న ఇల్లాలికి కూడా తెలిసేది. కాగజ్ నగర్ లో కాగితం మిల్లు కూత వుండేది. కాజీపేట - బల్లార్షా రైలుమార్గం 1929లో పూర్తయ్యాక పెద్దపల్లి, మంచిర్యాల వైపు వూళ్ళవాళ్ళు మద్రాసు - ఢిల్లీ బండి పోవడాన్నిబట్టి పొద్దు లెక్క కట్టేవాళ్ళు. బండి ఆలస్యమైతే పొద్దు కూడా ఆలస్యమయ్యేది కాబోలు! కరీంనగర్ లోనూ, జగిత్యాలలోనూ బజారు నడుమ గడియారపు స్తంభాలున్నాయి. రెండు చోట్లా దాన్ని టవర్ సర్కిల్ అనే అంటారు.

ఇలా కాలం చెప్పేవాళ్ళకు కొదవలేదు. అయితే ఆ కాలమంతా ఎవరిదో ఒకరిది. కూత కంపెనీది. బండి రైల్వేది. అంతకుముందు దొరల రోజుల్లో గడిలో వెట్టికి పోయినవాడికి పని గంటలనే మాటే లేదు. దొర చాలన్నప్పుడే చాలు. వాచీ అంటే ఆ దొర షేర్వాణీ జేబులోనో, పెద్ద అమీను జేబులోనో గొలుసుకు వేలాడే వస్తువు. గడికీ గడియారానికీ భాషలో చుట్టరికం లేదు. ఒకటి కోట, ఇంకొకటి ఘడియ. కాని ఈ జిల్లాల్లో గడియారం చాలాకాలం గడిలోనే వున్నది. వెట్టి చేసినవాడి మనుమడు తన మణికట్టు మీద తన సొమ్ముతో కొన్న వాచీ కట్టుకుని, దొర వాడలోంచి నడిచి వెళ్ళిన రోజున అతను టైము చూసుకోవడానికే చెయ్యెత్తాడని మీరు అనుకుంటే నేను ఒప్పుకోను.

ఇక్కడొక చిన్న లెక్క చెప్పి ముందుకు పోతాను. భారతదేశానికంతకూ ఒకే కాలమని 1906లో నిర్ణయించినప్పుడు 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని ఆధారంగా తీసుకున్నారు. ఆ గీత మన తెలుగునేలలో కాకినాడకు దగ్గరగా పోతుంది. కరీంనగర్ దానికి పడమరగా వుండడంచేత, అక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేది, సగటున, వాచీలో పన్నెండు దాటి 13 నిమిషాలయ్యాక. ఆదిలాబాద్ లో 16 నిమిషాలయ్యాక. కనుక జగిత్యాల వాసి ఎంత ఖరీదైన వాచీ పెట్టుకున్నా అది చూపించేది కాకినాడ కాలమే. దీన్ని రాజకీయాల్లోకి లాగవద్దని మనవి.

మణికట్టుకు వాచీ కట్టుకోవడం మొదట మగవాళ్ళ పని కాదు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఐరోపాలో అది ఆడవాళ్ళ నగ. మగవాడి వాచీ జేబులోనే వుండాలి. కందకాల్లో ఒక చేత తుపాకీ, ఒక చేత దుర్భిణీ పట్టుకున్న సైనికుడు జేబులోంచి గొలుసు లాగుతూ కూర్చోలేడు గదా! యుద్ధం ముగిసేసరికి వాచీ జేబు వదిలి చేతికెక్కింది. మన దేశపు సిపాయిలకు బాగా తెలిసిన పేరు వెస్ట్ ఎండ్. ఆ కంపెనీ 19వ శతాబ్దం చివర బొంబాయిలో మొదలైంది. వాచీలు స్విట్జర్లాండువి, పేర్లు మాత్రం ‘సవార్’ వంటివి. ఆ తరువాత చాలాకాలం మంచి వాచీ అంటే విదేశపు వాచీయే. స్వాతంత్ర్యం వచ్చాక దిగుమతుల మీద ఆంక్షలు పెరిగేసరికి అది చాలామట్టుకు దొంగ సరుకుగా మారింది. ఓడరేవుల్లో బంగారంతోపాటు వాచీలు పట్టుబడ్డాయన్న వార్తలు 1960లలోనూ, 70లలోనూ పత్రికలకు మామూలైపోయాయి.

1961లో బెంగుళూరులో, జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో, హెచ్.ఎం.టి. వారు వాచీలు తయారు చెయ్యడం మొదలుపెట్టారు. జనతా, పైలట్, సోనా, కోహినూర్ అని పేర్లు. వరకట్న నిషేధ చట్టం వచ్చిందీ 1961లోనే. రెండింటిలో ఏది మన పల్లెలకు ముందు చేరిందో వేరే చెప్పనక్కరలేదు. వాచీ, సైకిలు, రేడియో - ఈ మూడు మాటలూ పెళ్ళిమాటల్లో ఒకే ఊపిరిలో పలికే రోజులు వచ్చాయి. అలకపాన్పు ఎక్కిన అల్లుడు దిగాలంటే హెచ్చెమ్టీ కావాలి. ముసలాయన అప్పు చేసి తెచ్చేవాడు. కీ ఇచ్చేది అల్లుడు, నడిపించేది మామగారి అప్పు. ఈ రకం వాచీమోజును వెనకేసుకు రావడం నా వల్ల కాదు.

అయినా ఆ రోజుల ఫోటోలు ఒకసారి తీసి చూడండి. స్టూడియోలో తెర ముందు కుర్చీలో కొత్త పెళ్ళికొడుకు. కుడిచెయ్యి ఎక్కడుందో గుర్తుండదు. ఎడమచెయ్యి మాత్రం మోకాలి మీద, చొక్కా చెయ్యి కాస్త వెనక్కి జరిగి, డయలు కెమేరా వైపు తిరిగి వుంటుంది. పక్కన పెళ్ళికూతురి మెడలో పుస్తెలు ఎంత స్పష్టంగా పడ్డాయో అతని చేతి వాచీ అంత స్పష్టంగా పడింది. ఫోటోగ్రాఫరుకు చెప్పవలసిన పనే లేదు.

ఆడవాళ్ళ వాచీ సంగతి వేరు. సన్న పట్టీ, చిన్న డయలు వున్న వాచీ ఆ పల్లెల్లో మొదట కనిపించింది నర్సమ్మ చేతికీ, టీచరమ్మ చేతికీ. నర్సుకు నాడి చూడడానికి సెకన్ల ముల్లు కావాలి, టీచరుకు పీరియడ్లు చూసుకోవాలి. కనుక ఆడమనిషి చేతి వాచీ అంటే, ఆమెకు నౌకరీ వుందని అర్థం. అదే వూళ్ళో గడపలో కూర్చుని బీడీలు చుట్టే మనిషికి గంటల లెక్క లేదు, వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. ఆమె చేతికి వాచీ ఎవరూ కొనిపెట్టలేదు. బీడీలు చుట్టి కూడబెట్టిన డబ్బుతో కూతురిని చదివిస్తే, ఆ కూతురి చేతికి వచ్చింది.

ఇక అసలు కథ. 1973లో చమురు ధరలు పెరిగిన తరువాత గల్ఫ్ దేశాల్లో మేడలు, రోడ్లు, రేవులు లేవడం మొదలైంది. వాటిని కట్టడానికి వెళ్ళినవాళ్ళలో జగిత్యాల, కోరుట్ల, మెట్ పల్లి, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల మనుషులు లెక్కకు మిక్కిలి. చెరువు కింద నీళ్ళు చాలక, మగ్గం మీద కూలి గిట్టక, నూటికి మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి వీసా కొనుక్కుని వెళ్ళారు. మనిషి పోయింది మస్కటుకా, కువైటుకా, సౌదీకా అన్నది వూరికి పట్టదు. “దుబాయి పోయిండు” అంటే అన్నీ వచ్చాయి.

అలా పోయినవాడు రెండు మూడేళ్ళకు తిరిగి వచ్చేటప్పుడు పెట్టెలో టేప్ రికార్డరు, మెత్తని కంబళి, సెంటు బుడ్లు, వాచీలు వుండేవి. ఒక వాచీ కాదు. పిల్లలకు అంకెలు మెరిసే కేసియో. బావమరిదికి ఒకటి. అప్పు ఇప్పించిన పెద్దమనిషికి ఒకటి. ఎవరికి ఏ వాచీ ముట్టిందో చూస్తే ఎవరి ఋణం ఎంతటిదో తెలిసిపోయేది. తండ్రికీ, తనకూ మాత్రం సీకో-5.

ఈ సీకో-5 చరిత్ర చెప్పి తీరాలి. జపానులో 1963లో మొదలైంది. ఐదు గుణాలున్నాయి గనుక ఐదు అని పేరు పెట్టారు. తనంతట తానే కీ తిరుగుతుంది, వారమూ తేదీ ఒకే కిటికీలో కనపడతాయి, చెమ్మకు తట్టుకుంటుంది, కీ పుల్ల పక్కకు ఒదిగి నాలుగో అంకె దగ్గర వుంటుంది, కేసూ చైనూ గట్టివి. ధనవంతుల వాచీ కాదది. కష్టపడే మనిషి జీతంలో కొనదగినది, కష్టపడే చేతి మీద నిలవదగినది. అరబ్బు దేశాలకు పంపిన వాటిలో వారం పేరు ఇంగ్లీషులోనూ, అరబ్బీలోనూ రెండు విధాలా వుండేది. కీ తిప్పి ఏది కావాలంటే అది పెట్టుకోవచ్చు. ఆ విధంగా కోరుట్ల బజారుకు శుక్రవారం వచ్చిన రైతు మణికట్టు మీద అరబ్బీ అక్షరాల్లో ‘జుమా’ అని కనపడటం ఏమీ వింత కాలేదు. వింతేమిటంటే, ఆ అక్షరాలను మనుమడు చదవలేకపోయినా తాత చదవగలిగేవాడు. నిజాం రోజుల్లో బడి ఉర్దూలో జరిగింది కదా!

ఆ వాచీకి ఇంకో విశేషం వుంది. నాకు అన్నిటికంటె ఇష్టమైనది ఇదే. లోపల అర్ధచంద్రాకారంలో ఒక బరువు, ఇరుసు మీద తేలికగా తిరిగేట్టు వుంటుంది. చెయ్యి కదిలినప్పుడల్లా అది ఊగి, మెయిన్ స్ప్రింగును కాస్త కాస్త చుడుతుంది. పాత సీకో-5లలో చాలావాటికి చేత్తో కీ ఇచ్చే ఏర్పాటే లేదు. చెయ్యి ఆడాలి, వాచీ నడవాలి. బల్ల ముందు రోజంతా కూర్చునే గుమాస్తా చేతికి కడితే అది అప్పుడప్పుడు బద్ధకిస్తుంది. తట్ట ఎత్తేవాడికీ, తాపీ పట్టేవాడికీ కడితే ఆగమన్నా ఆగదు. అంటే ఆ వాచీకి ఆహారం మనిషి కష్టమే. కొడుకు తెచ్చిన వాచీ చేతికి కట్టించుకున్న తండ్రికీ, ఆ కొడుక్కీ మధ్య మాటలు ఎలా నడిచివుంటాయో వూహించండి.

“ఇది నీకే బాపూ. కీ ఇచ్చుడు అవసరం లేదు. చేతికుంటే చాలు, అదే నడుస్తది.”

“మరి నేను పండుకుంటె?”

“పండుకున్నా ఆగది. రెండు దినాలు తీసిపెడితె ఆగుతది.”

“గంతేనా? రెండు దినాలు పని లేకుంట నేనెన్నడున్నరా?”

ఇంకో లెక్క కూడా ఆ వాచీలో వుంది. దుబాయి, మస్కట్ గడియారం మనకంటె గంటన్నర వెనక. సౌదీ, కువైట్, కతార్, బహ్రెయిన్ రెండున్నర గంటలు వెనక. సౌదీలో ఐదింటికి పని ముగించి గదికి చేరే మనిషి వాచీ చూసుకుని రెండున్నర కలిపితే, ఇంటి దగ్గర ఏడున్నర. దీపాలు పెట్టి వుంటారు, పిల్లలు అన్నానికి కూర్చుని వుంటారు. ఉత్తరానికి వారాలు పట్టే రోజుల్లో, ఫోను చెయ్యాలంటే దినార్లు లెక్కపెట్టుకోవలసిన రోజుల్లో, ఇంటికి పోవడానికి వున్న దగ్గరి దారి ఆ కూడికే. కుడిచేతికి ఇంకో వాచీ కట్టుకుని దాంట్లో ఇంటి టైము పెట్టుకుంటే తప్పేమిటి?

తిరిగి వచ్చిన అందరి చేతులకూ వాచీలు లేవన్న సంగతి కూడా ఈ ప్రాంతం వాళ్ళకు తెలుసు. ఏజెంటు మోసం చేస్తే ఉత్త చేతులతో వచ్చినవాళ్ళున్నారు. పాస్ పోర్టు యజమాని దగ్గర చిక్కుకుని ఏళ్ళకేళ్ళు రాలేకపోయినవాళ్ళున్నారు. పెట్టెలో వచ్చినవాళ్ళూ వున్నారు. తెచ్చిన వాచీని ఆరునెలల్లో మిత్తి కింద కుదువ పెట్టినవాళ్ళున్నారు. బొంబాయిలో దిగి, దగ్గరున్న చివరి రూపాయలతో అక్కడే బజారులో ఒక వాచీ కొనుక్కుని, అది దుబాయి వాచీయేనని చెప్పి, ఇంటికి వచ్చినవాడు ఎవడైనా వుంటే నేను అతన్ని చూసి నవ్వను. అతను కొన్నది వాచీ కాదు, వూళ్ళోకి తలెత్తుకు నడిచే హక్కు. ఈ సంగతి గుర్తుంచుకుంటే వాచీమోజును వట్టి డాబు అని కొట్టి పారెయ్యడం అంత తేలిక కాదు.

అదలా వుండగా, మేలైన వాచీ అంటే ఏమిటి? బంగారపు మెరుగా? బరువా? ధరా? డయలు మీద ‘17 జువెల్స్’ అని వుంటే లోపల రత్నాలున్నాయని మురిసిపోయేవాళ్ళు వుంటారు. వున్నమాట నిజమే. అవి కెంపులే. అయితే కొలిమిలో చేసిన కెంపులు. వెర్నాయ్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1902లో ఆ పద్ధతి ప్రకటించాక వాటి ధర నేలకు దిగింది. ఇనుప ఇరుసు రాతిలో తిరిగితే అరగదు గనుక పెట్టారు గాని, పీకి అమ్ముకుందామంటే వక్కపొడికి కూడా రావు.

మేలైన వాచీ గొప్పతనం బాలెన్స్ వీలులో వుంది. తల వెంట్రుకంత సన్నని స్ప్రింగుకు కట్టుబడి, ఇటూ అటూ ఊగుతూ, లోపలి చక్రాలను పంటికొక పంటి చొప్పున వదిలేది అదే. చాలా వాచీల్లో గంటకు 18 వేల టిక్కులు, మరికొన్నిటిలో 21,600. పంచాంగం తెలిసిన పాఠకులకు ఒక సరదా. గంటకు 18 వేల చొప్పున రోజుకు 4,32,000 టిక్కులు. కలియుగానికి సంవత్సరాలూ అన్నే! రోజుకొక కలియుగం చొప్పున, ఏళ్ళ తరబడి, చుక్క నూనెతో నడిచే యంత్రం మనింట్లో మరొకటి ఏదైనా వుందేమో చూపించండి.

ఇంతా చేసి అది రోజుకు పది ఇరవై సెకన్లు తప్పుతుంది. 1969 డిసెంబరు 25న సీకో వారే జపానులో మొదటి క్వార్ట్జ్ చేతివాచీని అమ్మకానికి పెట్టారు. అప్పుడు దాని ధర నాలుగున్నర లక్షల యెన్లు, అంటే ఇంచుమించు ఒక చిన్న కారు ధర. ఇప్పుడు అదే పనితనం ఏ బస్టాండు ముందైనా తోపుడుబండి మీద దొరుకుతుంది, నెలకు పదిహేను సెకన్లు కూడా తప్పదు. నిజం చెప్పాలంటే లక్షలు పోసి కొన్న స్విస్ వాచీకంటె అదే సరైన టైము చెబుతుంది. అయినా లక్షల వాచీ కొనేవాళ్ళు ఎందుకు కొంటున్నారంటే, మొదట్లోనే మనవి చేశాను, టైము కోసం కాదు. వాచీని చెవి దగ్గర పెట్టుకుంటే లోపల ఏదో బతికి వున్నట్టు వినపడుతుంది. ఆ చప్పుడుకే డబ్బు. నాకైతే ఆ చప్పుడు లక్షల వాచీలోనూ, జనతా వాచీలోనూ ఒకేలా వినపడుతుంది. నా చెవి లోపమైనా కావచ్చు.

క్వార్ట్జ్ దెబ్బకు చాలా కంపెనీలు కూలాయి. మన హైదరాబాదు ఆల్విన్ వారు 1980లలో సీకో సహకారంతోనే వాచీలు చేశారు. ఒకే గురువు దగ్గర చదువుకున్న ఇద్దరు శిష్యులన్నమాట, ఒకడు దుబాయి మీదుగా వచ్చాడు, ఒకడు హైదరాబాదు నుంచి వచ్చాడు. పెరటిచెట్టు గనుక ఆల్విన్ కు ఆ మర్యాద దక్కలేదు. ఆ వాచీ కూడా ఇప్పుడు జ్ఞాపకాల్లోకి పోయింది. హొసూరు నుంచి టైటాన్ 1987 నుంచీ క్వార్ట్జ్ వాచీలతో బజారు పట్టేసింది. హెచ్.ఎం.టి. వాచీల కంపెనీని మూసెయ్యడానికి 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకున్నది. దాంతో ఏళ్ళ తరబడి సొరుగుల్లో పడివున్న జనతాలకూ, పైలట్లకూ ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. పోయాక గాని మనవాళ్ళకు మనిషి మంచితనం తెలియదు, వాచీలకూ అదే వరస.

గిరాకీ వున్నచోట మోసం వుంటుంది. ఎక్కడెక్కడివో పాత భాగాలు కూర్చి, డయలుకు కొత్తగా రంగు పూసి, లేని పేర్లు, లేని రంగులు అచ్చువేసి “పాత పైలట్” అని అమ్ముతున్నారు. గులాబీ, ఆకుపచ్చ, పసుపు డయళ్ళు కొత్త పెళ్ళికూతుళ్ళలా మెరుస్తుంటే అనుమానించండి. నలభయ్యేళ్ళ వాచీకి నలభయ్యేళ్ళ ముఖం వుండాలి. అక్షరాలు వంకరగా వున్నాయేమో, ముళ్ళు అంకెల గీతలదాకా చేరుతున్నాయో లేదో చూడండి. వీలైతే వెనక మూత తీయించి చూడకుండా డబ్బు ఇవ్వకండి.

ఇంట్లో మంచి వాచీ వున్నవాళ్ళకు రెండు మూడు మాటలు. కీ ఇచ్చే వాచీకి రోజూ ఉదయం ఒకే వేళకు కీ ఇవ్వండి, పట్టినట్టు తోచగానే ఆపండి. తేదీ వున్న వాచీకి రాత్రి తొమ్మిదికీ తెల్లవారుజామున మూడుకూ మధ్య తేదీ తిప్పకండి. అప్పటికే చక్రాలు ఒకదాన్నొకటి పట్టుకుని వుంటాయి, పళ్ళు విరుగుతాయి. వెనక ‘30 మీటర్లు’ అని రాసివుందని గోదావరిలో మునక వెయ్యకండి. ఆ మాటకు అర్థం చేతులు కడుక్కునేటప్పుడు నాలుగు చుక్కలు పడినా ఫరవాలేదని మాత్రమే. స్పీకర్ల మీద పెట్టకండి. లోపలి సన్న స్ప్రింగుకు అయస్కాంతం తగిలితే వాచీ రోజుకు నిమిషాలకు నిమిషాలు పరుగెత్తుతుంది.

చాలా ఇళ్ళలో తండ్రి వాచీ ఒకటి ట్రంకు పెట్టె అడుగున వుంటుంది. దుబాయి నుంచి తెచ్చిన సీకో, చైను వదులై, అద్దం గీతలు పడి, ఎప్పుడో ఒక ‘జుమా’ దగ్గర ఆగిపోయి వుంటుంది. ఒకసారి తీసి మెల్లగా అటూ ఇటూ ఊపండి. ముల్లు కదిలితే సంతోషం. కాని వెంటనే చేతికి కట్టి నడిపించకండి. లోపల నూనె ఎండిపోయి వుంటుంది, ఇరుసులు అరుగుతాయి. కంటికి భూతద్దం బిగించుకుని, చిన్న పట్టకారు పట్టుకుని కూర్చునే ముసలి మేస్త్రీ మీ వూళ్ళో ఎవరైనా మిగిలివుంటే ఆయన దగ్గరకు తీసుకుపోండి. ఆ పని నేర్చుకునే కుర్రవాళ్ళు తగ్గిపోయారు, కనుక ఆలస్యం చెయ్యకండి. విప్పి కడిగించి నూనె వేయించండి. అద్దం మార్పించండి. చైను పొడుగైతే ఒక లింకు తీయించండి, తీసిన లింకును అడిగి తెచ్చుకుని దాచండి. డయలు కొత్తగా చేసి ఇస్తామంటే మాత్రం వద్దనండి.